సీసాలో రేణువు చెదిరితే సూది వృథా
బక్రీదు పొట్టేళ్ళకు గాలికుంటు టీకా: ఎందుకు పనిచేస్తుంది, ఎందుకు చేయదు

బక్రీదుకు నెల రోజుల ముందు నుంచే జీవాల బండ్లు హైదరాబాద్ పాతబస్తీ దారి పడతాయి. పురానాపూల్ దగ్గర మూసీ ఒడ్డున ఉన్న జియాగూడ మండీలో బేరాలు ఏడాది పొడవునా సాగేవే. పండగ దగ్గరపడేకొద్దీ ఆ సందడి మండీ దాటి చంచల్‌గూడ లాంటి చోట్లకూ, రోడ్ల పక్కకూ పాకుతుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ, రంగారెడ్డి పల్లెల నుంచి ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒక డీసీఎం మాట్లాడుకుని పొట్టేళ్ళను తెస్తారు. ఎకరం, రెండెకరాల రైతుకు ఏడాదిలో ఒక్కసారి చేతికొచ్చే పెద్ద మొత్తం చాలా ఇళ్ళలో ఇదే.

ఇక్కడ కొనేవాళ్ళ చూపు వేరుగా ఉంటుంది. కోత జీవానికి బరువు చూస్తే సరిపోతుంది. కుర్బానీ జీవానికి అలా కాదు. కుంటిది పనికిరాదు, గుడ్డిది పనికిరాదు, జబ్బుతో చిక్కిపోయింది పనికిరాదు. అందుకే మూతి ఎత్తి పండ్లు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. ఆ నాలుగడుగుల్లో పొట్టేలు కాలు ఎత్తి కుంటిందా, ఎనిమిది నెలలు మేపిన మేత మట్టిలో కలిసినట్టే. గాలికుంటు వచ్చిన జీవం అలాగే కుంటుతుంది. గిట్టల మధ్య పొక్కులు, చిగుళ్ళ మీద పుండ్లు. ఆవులు, గేదెల్లో చొంగ కారుతూ రోగం కొట్టొచ్చినట్టు కనబడుతుంది కానీ గొర్రెల్లో లోలోపలే ఉంటుంది. చాలామంది ముల్లు గుచ్చుకుందనుకుంటారు.

మండీలో తిరిగితే ఒక మాట పదేపదే వినిపిస్తుంది. "సూది ఏపిచ్చినం సారూ, అయినా గాలికుంటు ఎట్లొచ్చె?" ఈ ప్రశ్నకు తేలిగ్గా "టీకాలో దమ్ము లేదు" అనేసి ఊరుకోవడం మామూలైపోయింది. కారణాలు చాలా ఉంటాయి. టీకా ఆలస్యంగా వేసి ఉండవచ్చు. బూస్టరు మానేసి ఉండవచ్చు. జీవం లోపల రోగం అప్పటికే మొదలై ఉండవచ్చు. వీటి గురించి పశువైద్యులు చెబుతూనే ఉన్నారు. ఎవరూ పెద్దగా చెప్పని కారణం ఇంకొకటుంది. అది సీసా లోపల, కంటికి ఆనని ఒక గుండ్రటి రేణువు సంగతి. అది అర్థమైతే టీకా సీసాను ఎండలో సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని రావడం ఎంత నష్టమో ఎవరూ చెప్పనక్కర్లేదు.

వడ్ల గింజ పొడవున రెండు లక్షలు

గాలికుంటు తెచ్చేది ఒక వైరస్. బ్యాక్టీరియాను పట్టి ఆపే సన్నటి వడపోత గుండా కూడా ఇది జారిపోతుందని జర్మనీలో లోఫ్లర్, ఫ్రోష్ అనే శాస్త్రవేత్తలు 1898లో తేల్చారు. పశువుల రోగాల్లో వైరస్ అని మొదట గుర్తించింది దీన్నే. దీని అడ్డకొలత 30 నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. అంటే ఒక బియ్యపు గింజ పొడవున ఈ వైరస్‌లను వరుసగా పేరిస్తే సుమారు రెండు లక్షలు పడతాయి.

ఇంత చిన్న సైజులో ఉండే రేణువులనే నానో రేణువులంటున్నారు. నానో అనగానే 2021 నుంచి వస్తున్న నానో యూరియా సీసా గుర్తొస్తుంది రైతులకు. దానికీ దీనికీ పేరులోనే పోలిక. ఆ సీసా పనితనం మీద ఎవరి అభిప్రాయం వారిదే, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

వైరస్ లోపల దాని వంశం నడిపించే ఆర్‌ఎన్‌ఏ పోగు ఉంటుంది. పైన మాంసకృత్తులతో అల్లిన చిప్ప. ఈ చిప్ప చూడటానికి పలకలు అతికించిన ఫుట్‌బాల్ లాగా ఉంటుంది. మొత్తం పన్నెండు పలకలు. ఒకే రకం ముక్కలు 60 సార్లు తిరిగి తిరిగి వచ్చేట్టు వరుస తప్పకుండా పేర్చి ఉంటాయి. రోగం తెచ్చే పని లోపలి పోగుది. శరీరం గుర్తుపట్టేది మాత్రం పైనున్న చిప్పను.

టీకా కంపెనీ చేసేదేమిటంటే, ఈ వైరస్‌ను పెద్ద పెద్ద ట్యాంకుల్లో జీవకణాల మీద పెంచి, రసాయనంతో చంపి, శుద్ధి చేసి, నూనెతో చిలికి సీసాల్లో నింపుతుంది. చంపినా చిప్ప చెదరకూడదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మన దేశంలో తిరిగే వైరస్‌లు మూడు రకాలు: ఓ, ఏ, ఆసియా-1. ఒక రకం వచ్చి తగ్గిన పశువుకు ఇంకో రకం నుంచి రక్షణ ఉండదు. అందుకే టీకాలో మూడూ కలుపుతారు. హైదరాబాద్ గచ్చిబౌలిలో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1982లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఈ టీకాను పెద్ద ఎత్తున తయారుచేస్తోంది. పొట్టేలు అమ్ముడుపోయే మండీ, దాన్ని కాపాడే టీకా పుట్టే చోటు రెండూ ఒకే నగరంలో ఉన్నాయన్నమాట.

మరులమాతంగి కాయ లెక్క

చచ్చిన వైరస్ చిప్ప శరీరంలోకి పోతే రక్షణ ఎలా వస్తుంది? గొర్రెల కాపరులకు దీన్ని చెప్పడం తేలిక. మరులమాతంగి కాయ తెలుసు కదా, చుట్టూ కొక్కేల్లాంటి ముళ్ళుంటాయి. గొర్రె ఊలుకు ఒకసారి పట్టుకుంటే పీకినా రాదు. అదే కాయ నుంచి ఒక్కో ముల్లు విడిగా తుంచి ఊలు మీద వేయండి. రాలిపోతుంది. ముల్లు అదే, ఊలు అదే. తేడా అంతా ముళ్ళు గుంపుగా, ఒకే గుండు మీద, వరుసగా ఉండటంలో ఉంది.

రక్తంలో, లింఫు గ్రంథుల్లో కాపలా కణాలుంటాయి. వాటిలో బి కణాలనేవి ముఖ్యమైనవి. ఒక్కో బి కణం ఒంటి నిండా కొక్కేల్లాంటివి వేలకు వేలు ఉంటాయి. విడి ముక్క ఒకటి వచ్చి ఒక్క కొక్కేనికి తగిలితే కణం పెద్దగా కదలదు. శరీరంలో ఇలాంటి విడి ముక్కలు వేలరకాలు తిరుగుతుంటాయి, అన్నిటికీ ఉలిక్కిపడితే బతకడం కష్టం. అదే 60 ముక్కలు వరుసగా పేర్చిన గుండు వచ్చి తగిలితే ఒకేసారి చాలా కొక్కేలు బిగుసుకుంటాయి. అలాంటి వరుస వైరస్‌కు తప్ప మన ఒంట్లో మామూలుగా ఉండదు. వెంటనే కణం మేలుకుని, తన లాంటివాటిని వేలల్లో పుట్టించి, ఆ గుండును పట్టి కట్టేసే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. కొన్ని కణాలు జ్ఞాపకంగా మిగులుతాయి. తర్వాత అసలు వైరస్ వచ్చినప్పుడు అవి ముందే సిద్ధంగా ఉంటాయి.

సైజుకు ఇంకో లాభముంది. కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ఆ బిళ్ళే లింఫు గ్రంథి. రోగంతో పోరాటానికి తాలీము జరిగేది అందులోనే. సూది వేసిన చోటి నుంచి మందు ఆ గ్రంథికి చేరాలి. మరీ చిన్న ముక్కలైతే రక్తంలోకి జారి చెల్లాచెదురైపోతాయి. మరీ పెద్దవైతే సూది వేసిన చోటే కూర్చుంటాయి, వేరే కణాలు మోసుకుపోతే తప్ప కదలవు. సుమారు 20 నుంచి 100 నానోమీటర్ల మధ్యవి లింఫు కాలువల వెంట తమంతట తామే గ్రంథికి చేరతాయి. పిల్లకాలువలో తుంగ గడ్డి కొట్టుకుపోతుంది, మొద్దు ఆగిపోతుంది, అలాగన్నమాట. గాలికుంటు వైరస్ చిప్ప సరిగ్గా ఈ సైజులోదే.

టీకాలో నూనె కలపడం కూడా ఊరికే కాదు. మందు ఒక్కసారిగా కరిగిపోకుండా కొద్దికొద్దిగా వదులుతుంది. సూది వేసిన చోట కాస్త వాపు తెచ్చి కాపలా కణాలను పిలుస్తుంది. "సూదేస్తే గడ్డ కట్టింది" అని భయపడి కొందరు అసలుకే మానేస్తారు. చిన్న గడ్డ కట్టడం, ఒకటి రెండు రోజులు మేత తగ్గడం మామూలే. కాకపోతే పండగ వారం రోజుల్లో ఉందనగా సూది వేయిస్తే ఆ గడ్డ చూసి బేరగాడు ధర కోస్తాడు. దీని లెక్క కింద చెబుతాం.

వేడికి విడిపోయే పన్నెండు పలకలు

ఇక అసలు విషయం. ఈ చిప్ప చాలా నాజూకైంది. పన్నెండు పలకలను పట్టి ఉంచే జిగి తక్కువ. వేడి తగిలితే పలకలు విడిపోతాయి. పులుపు తగిలినా విడిపోతాయి. 56 డిగ్రీల వేడిలో చూస్తుండగానే ముక్కలవుతుంది. మూత వేసిన బండి డిక్కీ, ఎండలో పెట్టిన రేకు పెట్టె ఎండాకాలంలో ఏ వేడికి చేరతాయో మన చేతికి తెలిసిందే. అంత వేడి లేకపోయినా, మామూలు గది వేడిలో ఉంచితే మెల్లమెల్లగా అదే జరుగుతుంది. మూడు రకాల్లో ఓ రకం మరీ నాజూకు. మన దగ్గర ఎక్కువగా రోగం తెచ్చేది కూడా ఆ రకమే కావడం మన ఖర్మ.

విడిపోయిన పలకలు ఎక్కడికీ పోవు, సీసాలోనే ఉంటాయి. మాంసకృత్తు తరగదు, రంగు మారదు, వాసన రాదు. సీసా ఎప్పటిలాగే పాలలా తెల్లగా కనబడుతుంది. కానీ కాయ నుంచి ముళ్ళు రాలిపోయినట్టే. ఆ సూది వేస్తే కాపలా కణాలు సరిగా మేలుకోవు, వచ్చే రక్షణ చాలా తక్కువ. మళ్ళీ ఐసులో పెట్టినా పలకలు తిరిగి అతుక్కోవు. గుడ్డు పగిలాక ఫ్రిజ్‌లో పెట్టినట్టే. పైగా రైతుకు టీకా వేయించామన్న ధీమా ఉంటుంది. టీకా వేయించని మందకన్నా ఇది ఒక రకంగా ప్రమాదం, జాగ్రత్త సడలుతుంది కాబట్టి.

చల్లగా ఉండాలన్నారు కదా అని ఐసు గదిలో పెట్టేవాళ్ళూ ఉన్నారు. అదీ తప్పే. గడ్డకడితే నూనె, నీరు చిలికిన పొందిక విరుగుతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఫ్రిజ్ అయితే మధ్య అరలో. ప్రయాణంలో థర్మాకోల్ పెట్టెలో ఐసు గడ్డల మధ్య, సీసాకు ఐసు నేరుగా తగలకుండా గుడ్డో కాగితమో చుట్టి ఉంచాలి.

ఈ నాజూకుతనం మనకు పనికొచ్చేది ఇంకోచోట ఉంది. చాకలి సోడా లీటరు నీటికి 40 గ్రాములు కలిపి దొడ్డి, బండి గచ్చు, చెప్పులు కడిగితే వైరస్ చిప్ప చెదిరిపోతుంది. ఖరీదైన మందులేవీ అక్కర్లేదు. ముందు పేడ, మట్టి గీకి తీసేయాలి, లేకపోతే సోడా నీళ్ళు వైరస్ దాకా చేరవు. కోసిన తర్వాత మాంసంలో సహజంగా పెరిగే పులుపుకు కూడా కండలోని వైరస్ నిలవదు. మనుషులకు ఈ రోగంతో భయపడాల్సిందేమీ లేదు.

ముందే వచ్చిన రేణువు టీకా

చెదరని చిప్పను, వైరస్ లేకుండానే, మనిషి తయారుచేయగలడా? చేయగలడని హైదరాబాద్ వాసులకు పాతికేళ్ళకు ముందే తెలుసు. కామెర్లు తెచ్చి కాలేయాన్ని చెడగొట్టే హెపటైటిస్-బి టీకా అలాంటిదే. ఆ వైరస్ పైపొర మాంసకృత్తు తయారుచేసే జన్యువు ఒక్కదాన్ని తీసి ఈస్ట్‌లో పెడతారు. కల్లు పులియడానికి కారణం ఈస్టే, దాని చుట్టంలాంటిదే ఇది కూడా. ఈస్ట్ ఆ మాంసకృత్తును తయారుచేస్తే, అది సుమారు 22 నానోమీటర్ల గుండ్రటి రేణువులుగా కూడుకుంటుంది. లోపల వైరస్ పోగు ఉండదు, రోగం వచ్చే ప్రశ్నే లేదు. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ ఈ పద్ధతిలో చేసిన టీకాను 1997లో విడుదల చేసింది. జన్యు మార్పిడి పద్ధతిలో మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన మొదటి టీకా అది. అంతకుముందు విదేశాల నుంచి వచ్చే టీకా ధర మామూలు కుటుంబానికి అందేది కాదు. ఇప్పుడు పుట్టిన పిల్లలందరికీ ప్రభుత్వం ఉచితంగా వేయిస్తోంది.

అదే రేణువును మోత బండిగా వాడుకుని దాని మీద మలేరియా పరాన్నజీవి ముక్కను అతికిస్తే మలేరియా టీకా అయింది. ఆర్‌టీఎస్-ఎస్ అనే ఆ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆఫ్రికా పిల్లలకు సిఫారసు చేసింది. దాని మాంసకృత్తు తయారీని హైదరాబాద్ శివార్లలోని భారత్ బయోటెక్‌కు అప్పగించే ఒప్పందం కూడా అదే ఏడాది జరిగింది. దోమ వల్ల మలేరియా వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు.

ఇప్పుడు ఇంకో అడుగు ముందుకు వేశారు. ప్రకృతిలో ఉన్న రేణువును వాడుకోవడం కాదు, కంప్యూటర్ మీద కొత్త రేణువునే గీసి, దాని మీద కావలసిన ముక్కలను కావలసినన్ని అమర్చడం. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలా గీసిన రేణువు మీద కరోనా వైరస్ ముక్కలు 60 అమర్చారు. ఆ టీకాకు దక్షిణ కొరియా 2022లో అనుమతి ఇచ్చింది. ఇలా మాంసకృత్తులను గీసే విద్యకు డేవిడ్ బేకర్‌కు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. ముక్కలు ఎన్ని ఉండాలి, ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండాలి, ఏ ముఖం పైకి తిరగాలి, మొత్తం రేణువు ఎంత సైజుండాలి అన్నవి ఇందులో ముందే నిర్ణయించుకునే సంగతులు. నారు వేసేటప్పుడు మొక్కకూ మొక్కకూ ఎడం చూసుకున్నట్టే, ముక్కలు మరీ ఎడంగా ఉంటే కణం కొక్కేలు ఒకేసారి అందుకోలేవు.

ఊలుకున్న ముడే చిప్పకూ

గాలికుంటుకు ఇదే పద్ధతి పట్టించే పని ఇంగ్లండులో జరిగింది. దానికి వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. 2001లో అక్కడ ఈ రోగం చెలరేగితే 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. 2007లో మళ్ళీ వచ్చింది. ఈసారి వైరస్ బయటపడింది పిర్‌బ్రైట్‌లోని పరిశోధనశాల, టీకా కర్మాగారం ఉన్న ఆవరణ నుంచే, కారుతున్న మురుగు గొట్టం ద్వారా. టీకా కోసం బతికున్న వైరస్‌ను టన్నుల కొద్దీ పెంచితే ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వైరస్ లేకుండా ఖాళీ చిప్పను మాత్రమే తయారుచేస్తే ఆ బెడద ఉండదు.

ఖాళీ చిప్ప చేశారు కానీ, అది అసలు దానికన్నా నాజూకు. లోపల పోగు లేకపోవడంతో ఇంకా తొందరగా విడిపోయేది. అప్పుడు ఆక్స్‌ఫర్డ్, రీడింగ్, పిర్‌బ్రైట్ శాస్త్రవేత్తలు చిప్ప నిర్మాణం బొమ్మను ముందు పెట్టుకుని, పలకకూ పలకకూ మధ్య అంచు ఎక్కడ కలుస్తుందో చూసి, సరిగ్గా అక్కడ ఒక్క చిన్న మార్పు చేశారు. అంచుల దగ్గర గంధకం ఉన్న అమైనో ఆమ్లాన్ని పెట్టారు. రెండు పలకలు కలిసినచోట గంధకం గంధకం పట్టుకుని ముడి పడింది. గొర్రె ఊలుకు గట్టితనమిచ్చేదీ ఇలాంటి గంధకపు ముడే. ఊలు కాలిస్తే వచ్చే ఘాటు వాసనలో ఆ గంధకం పాలు ఉంది. ముడి పడిన చిప్ప వేడికీ, పులుపుకూ తట్టుకుంది. 2013లో ఈ ఫలితాలు బయటికి వచ్చాయి. పశువులకు వేసి చూస్తే నెలల తరబడి రక్షణ కనిపించింది.

మరి మన ఊళ్ళోకి ఎప్పుడొస్తుంది? ఇలాంటి వాటిని గురించి రాసేటప్పుడు రేపో మాపో వచ్చేస్తుందన్నట్టు రాయడం పత్రికలకు అలవాటు. మనుషుల టీకాకు వందలు పెట్టినా కొంటారు. గొర్రెకు వేసే టీకా కొద్ది రూపాయల్లో తయారుకావాలి, కోట్ల డోసుల్లో కావాలి, మూడు రకాల వైరస్‌లకూ పనిచేయాలి. ఖాళీ చిప్పలను పురుగు కణాల్లో పెంచి తీయడానికి ఖర్చు ఉంటుంది. చిప్పకు ముడి వేయడం శాస్త్రవేత్తల పనైతే, దాన్ని చవగ్గా చేయడం ఇంకో పెద్ద పని. ఈలోపు మన ఊళ్ళలో పడే సూది పాత పద్ధతి టీకానే. దాని చిప్పను చెదరకుండా కాపాడే గంధకపు ముడి లేదు, ఐసు పెట్టె ఒక్కటే ఉంది.

పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కించాలి

బక్రీదు ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో జూన్ 29న వచ్చింది, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న. ఆ తర్వాతి ఏళ్ళలో మే నెలలోకి, ఇంకా కొన్నేళ్ళకు ఏప్రిల్‌లోకి పోతుంది. టీకా పండగకు రెండు మూడు నెలల ముందు పడాలి కాబట్టి, వానాకాలం పండగ ఉన్న రోజుల్లో వేసవి చివర వేయించినవాళ్ళు ఇప్పుడు కాస్త ముందే మేలుకోవాలి. మార్చి, ఏప్రిల్ ఎండలో సీసా మోయాల్సి రావడం ఇందులో చిక్కు.

పిల్లను అంగడిలో కొని మేపేవాళ్ళు దాన్ని ఎప్పుడూ టీకా పడని జీవంగానే లెక్కగట్టాలి. అమ్మినాయన "అన్నీ ఏపిచ్చిన" అన్నా సరే. మొదటి సూది, నెలకు బూస్టరు, ఆ తర్వాత అమ్మకానికి కనీసం నెల ఎడం. అంటే పండగకు సుమారు మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. బూస్టరు ఎందుకంటే, మొదటి సూదికి మేలుకున్న కణాలు కొద్ది. రెండోసారి అదే గుండు కనిపిస్తేనే అవి గట్టిపడి జ్ఞాపకంగా నిలుస్తాయి. చంపిన టీకా కాబట్టి రక్షణ ఎక్కువ కాలం నిలవదు, ఆరు నెలలకోసారి మళ్ళీ వేయాల్సిందే. ఇంటి మందలో పుట్టి వరుసగా టీకాలు పడినవాటికి చివరి సూది పడి నెల దాటి, ఐదు నెలలు మించకుండా ఉంటే చాలు. చిన్న పిల్లలకు నాలుగో నెల దాకా ఆగుతారు. తల్లి జున్నుపాలతో వచ్చిన ప్రతిరక్షకాలు టీకా రేణువులను ముందే పట్టేసి, పిల్ల సొంత కణాలకు అందకుండా చేస్తాయి.

కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకం కింద గాలికుంటు టీకా ఉచితం. ఊళ్ళోకి టీకాల బృందం వచ్చినప్పుడు ఆవులు, గేదెలను మాత్రమే చూపించి జీవాలను కంచెకు తోలేయడం మన దగ్గరున్న అలవాటు. గొర్రెలు, మేకల సంగతి ముందే అడిగి, జాబితాలో చేర్పించుకోవాలి. ఒకే దొడ్డిలో గేదెకు టీకా పడి, పక్కనే గొర్రెకు పడకపోతే వైరస్‌కు తలుపు తెరిచినట్టే.

సూది వేసే రోజు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు మందను కట్టేసి ఉంచండి. మందను పట్టుకోవడానికే రెండు గంటలు పడితే అంతసేపూ సీసా బయటే ఉంటుంది. సీసా ఐసు పెట్టెలో నుంచి తీస్తున్నారో లేదో చూడటం, గడువు తేదీ అడగడం రైతు హక్కు. ఇందులో మొహమాటం అక్కర్లేదు, డాక్టర్లకూ కోపం రాదు. వాడేముందు సీసాను మెల్లగా కదపాలి, గట్టిగా గిలకరించకూడదు. నూనె, నీరు విడిగా తేలి కదిపినా కలవకపోతే ఆ సీసా పక్కన పెట్టించాలి. సగం వాడిన సీసాను ఇంటికి తెచ్చుకుని మర్నాడు మిగతావాటికి వేయడం దండగ. జ్వరంగా ఉన్న జీవానికి, నట్టలతో చిక్కిపోయినదానికి టీకా సరిగా పట్టదు. రెండు వారాల ముందే నట్టల మందు తాగించాలి.

పారుడు రోగం టీకా సంగతి వేరు. అందులో ఉండేది బలహీనపరిచిన, బతికున్న వైరస్. పొడిగా వస్తుంది, ద్రావకంతో కలిపి వేస్తారు. కలిపిన తర్వాత ఆలస్యం చేస్తే ఎండకు చచ్చిపోతుంది. హైదరాబాద్ శాంతినగర్‌లోని పశువ్యాధి జీవౌషధ పరిశోధన సంస్థ తయారుచేసే టీకాల్లో జీవాల టీకాలు ఎక్కువ. ఏ టీకాకు ఆ టీకా, ఒకటి వేస్తే ఇంకోదానికి పనికిరాదు. గాలికుంటు సూది పడింది కదా అని చిటుక రోగం టీకా మానుకుని వానలు పడగానే మందలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

మండీ నుంచి తిరిగొచ్చిన జీవం

జియాగూడకు తీసుకెళ్ళినవన్నీ అమ్ముడుపోవు. ధర నచ్చక ఒకటి రెండు తిరిగి తెచ్చుకుంటారు. అక్కడ ఎన్ని జిల్లాల జీవాలతో మూతి మూతి రాసుకుందో లెక్క లేదు. ఒకే తొట్టిలో నీళ్ళు తాగి ఉంటుంది. వైరస్ ఒంట్లో చేరాక రోగం బయటపడటానికి రెండు రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. అందుకని తిరిగొచ్చిన జీవాన్ని మూడు వారాలు మందలో కలపకూడదు. వేరే కొట్టం లేకపోతే పొలం గట్టున చెట్టుకు కట్టినా మేలే. దానికి మేత, నీళ్ళు పెట్టే పని చివర్లో చేయాలి, ముందు మందను చూసుకున్నాకే. డీసీఎం గచ్చు సోడా నీళ్ళతో కడిగించకుండా డ్రైవర్‌ను పంపకండి, మర్నాడు అదే బండి ఇంకో ఊరికి పోతుంది.

ఊళ్ళో అప్పటికే గాలికుంటు కనబడితే మందంతటికీ హడావిడిగా సూదులు వేయిస్తే సరిపోదు. వైరస్ చేరిన జీవాలకు టీకా పడినా రోగం బయటపడుతుంది, నింద టీకా మీద పడుతుంది. ముందు జబ్బు జీవాలను వేరుచేసి, పాదాలు పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళతో కడిగి, నోటి పుండ్లకు బోరోగ్లిజరిన్ రాసి, మెత్తటి మేత, గంజి పెట్టాలి. నడిపించకూడదు. పాలు తాగే పిల్లలు ఏ గుర్తూ లేకుండా గుండె దెబ్బతిని టపటపా రాలిపోతుంటే అది కూడా గాలికుంటు పనే కావచ్చు, పాము కరిచిందనో దిష్టి తగిలిందనో అనుకోకుండా పశువైద్యుడికి కబురు చేయండి. దవాఖానా దూరమైతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.